వెనుక సీటు కింద దాచిన హక్కు

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం, ఢిల్లీలో మా కాలనీ గేటు ముందే నా పదమూడేళ్ల పెట్రోలు కారు ఆగిపోయింది. స్టార్టరు తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. కంపెనీ సర్వీసు సెంటరుకు ఫోను చేస్తే, ఫ్యూయల్ పంపు పోయి ఉంటుందనీ, అసెంబ్లీ మొత్తం మార్చాల్సిందేననీ బండిని చూడకుండానే తేల్చేశారు. ఎంత అవుతుందని అడిగితే చెప్పిన అంకె, ఆ కారును ఇవాళ అమ్మితే వచ్చే సొమ్ములో చెప్పుకోదగ్గ భాగం. లోపలి మోటారు ఒక్కటే అమ్ముతారా అంటే అలా అమ్మరట. రబ్బరు రింగు? అదీ విడిగా రాదట. మార్చే పద్ధతి రాసి ఉన్న పుస్తకం ఒకసారి చూడవచ్చా అంటే, అది బయటివారికి ఇచ్చేది కాదట.

గంట తరువాత వీధి చివరి షెడ్డులో పనిచేసే కుర్రవాడు వచ్చాడు. ఇరవయ్యేళ్లు ఉండవు. వెనుక సీటు ఎత్తి, మూత విప్పి, ట్యాంకులో పెట్రోలు ఎక్కువగా ఉందని చూసి, ఒక పైపు ముక్కను లోపలికి దింపి నోటితో పీల్చాడు. తొలి గుక్క నేల మీద ఉమ్మి, మోచేత్తో మూతి తుడుచుకుని పనిలో పడ్డాడు. బ్యాటరీ తీగ ఊడదీయలేదు. పదడుగుల దూరంలో ఇస్త్రీ బండి మీద బొగ్గులు కణకణలాడుతున్నాయి. ఆ పూటకు పని ఆపించాను. వారం రోజులు చదివి, తెలిసినవారిని అడిగి, అదే కుర్రవాడితో కలిసి పద్ధతి ప్రకారం ఆ పని పూర్తి చేశాను.

దేశ రాజకీయాలు రాసుకునే చోట కారు మరమ్మతుకేం పని అని పాఠకులు అడగవచ్చు. నా దృష్టిలో ఇది అచ్చమైన రాజకీయం. పని సురక్షితంగా ఎలా చేయాలన్న జ్ఞానం ఒకరి బీరువాలో తాళం వేసి ఉంది. ఆ పనిలోని ప్రమాదం మరొకరి నోట్లో ఉంది. ఈ పంపకం దైవికంగా జరిగింది కాదు. కంపెనీలు కోరుకున్నాయి, ప్రభుత్వాలు సరేనన్నాయి, మనం పట్టించుకోలేదు.

కార్బ్యురేటరు కాలంలో ఇంధన పంపు ఇంజను పక్కనే ఉండేది. రెండు బోల్టులు విప్పితే చేతికి వచ్చేది. ఫ్యూయల్ ఇంజెక్షను వచ్చాక అది విద్యుత్ మోటారుగా మారి ట్యాంకులో మునిగింది. మన దేశంలో తిరిగే అనేక పెట్రోలు కార్లలో వెనుక సీటు కింద ఒక రేకు మూత, దాని కింద ఈ పంపు ఉంటాయి. సాధారణంగా మూడు నాలుగు బార్ల ఒత్తిడితో పెట్రోలును ముందుకు నెడుతుంది. దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. అందుకే ఎప్పుడూ అడుగంటిన ట్యాంకుతో బండి నడిపేవారి పంపు త్వరగా అలసిపోతుంది. ఇందులో బ్రహ్మరహస్యం ఏదీ లేదు. రహస్యంగా ఉంచడమే వ్యాపారం.

ఇది నా ఒక్కడి అక్కసు కాదు. 2011లో ఒక వినియోగదారుడు ఇదే ఫిర్యాదుతో భారత కాంపిటీషన్ కమిషన్ తలుపు తట్టాడు. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలను, లోపాలను కనిపెట్టే పరికరాలను స్వతంత్ర మెకానిక్కులకు అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. బయట మరమ్మతు చేయించుకున్నాడన్న ఒక్క కారణంతో వారంటీని గుండుగుత్తగా రద్దు చేయరాదన్నది. కంపెనీలు ఆ విచారణలో వినిపించిన ముఖ్య వాదన ఏమిటో తెలుసా? భద్రత! శిక్షణ లేని చేతుల్లో విడిభాగం పడితే వినియోగదారుడికే ముప్పు అన్నాయి. కమిషన్ ఆ వాదనకు లొంగలేదు. ఆ తరువాత మన దేశంలో ఏ పెద్ద తీర్పుకైనా పట్టే గతే దీనికీ పట్టింది: అప్పీళ్లు, స్టేలు, వాయిదాలు. 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రైబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పును నిర్ధారిస్తూనే, జరిమానాను మొత్తం టర్నోవరు మీద కాక విడిభాగాల టర్నోవరు మీద లెక్కకట్టమని తగ్గించింది. ఉత్తర్వు వచ్చి దశాబ్దం దాటింది. నాకు మాత్రం ఒక రబ్బరు రింగు విడిగా దొరకలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను; కమిటీలు వేసింది. 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు' మీద ఒక కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధి అన్నది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఒక పోర్టల్ ప్రారంభమైంది. 2025 మే నెలలో 'మరమ్మతు యోగ్యతా సూచీ' మీద మరో కమిటీ నివేదిక ఇచ్చింది, కానీ అది మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్ గురించి. వాహనం వెనుకబడిపోయింది. చట్టం ఇంకా రాలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్ల మరమ్మతు హక్కును ప్రజాభిప్రాయానికి పెట్టి చట్టం చేసుకుంది. ఐరోపా సమాజం 2007 నాటి నిబంధనల్లోనే మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్కులకు ఇవ్వాలని రాసుకుంది. అక్కడి కార్లు అందుకని పేలిపోలేదు.

పోనీ, కంపెనీల చేతుల్లో ఉన్నంత మాత్రాన పంపు పదిలంగా ఉందా? 2020 జులైలో మారుతి సుజుకి తన వ్యాగనార్, బలెనో కార్లు 1,34,885ను వెనక్కి పిలిచింది. కారణం: ఫ్యూయల్ పంపులో లోపం ఉండే అవకాశం. 2021 ఏప్రిల్‌లో హోండా 77,954 కార్లను, మళ్లీ 2024 అక్టోబరులో 90,468 కార్లను ఇదే పంపు కోసం పిలిచింది. లోపం ఒప్పుకుని ఉచితంగా మార్చడం మెచ్చుకోవలసిన పనే. కానీ కర్మాగారంలోనే తప్పు దొర్లగల వస్తువును, యజమాని ముట్టుకోకూడని గర్భగుడి విగ్రహంగా చూపించడం ఏం న్యాయం? పైగా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి తెచ్చిన రీకాల్ ఏర్పాటు, 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఏడేళ్ల లోపు వాహనాలకే వర్తిస్తుంది. ఎనిమిదో ఏటి నుంచి యజమానికి దిక్కెవరు?

ఇక ఇథనాల్ సంగతి. 2030కి పెట్టుకున్న 20 శాతం మిశ్రమం లక్ష్యాన్ని ప్రభుత్వం ముందుకు జరిపింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధానమంత్రి ఇ20 పెట్రోలును ప్రారంభించారు. 2025 నాటికి దేశమంతా అదే. ముడిచమురు దిగుమతి తగ్గాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. చెరకు రైతుకు నాలుగు డబ్బులు రావడం నాకూ సంతోషమే. కానీ 2021లో నీతి ఆయోగ్ తన ప్రణాళికా పత్రంలోనే, పాత ప్రమాణాలతో తయారై ఇ10కు సరిచేసిన కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని రాసింది. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ స్వయంగా, కొన్ని పాత వాహనాల్లో ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చనీ, అది తక్కువ ఖర్చుతో సులువుగా అయ్యే పని అనీ చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోలును ఎంచుకునే వీలైనా ఇవ్వండన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ప్రతి పంపు చావుకూ ఇథనాలే కారణమనడం నిజాయతీ కాదు. నా పంపు ఎందుకు పోయిందో నేను తేల్చి చెప్పలేను. అయితే ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, దానికోసం తయారుకాని రబ్బరును కాలక్రమంలో పాడుచేస్తుంది, ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది అన్నవి పాఠ్యపుస్తకం మాటలు. కాబట్టి నా ప్రశ్న సూటిగా శాఖనే అడుగుతున్నాను: ఆ 'తక్కువ ఖర్చు' రబ్బరు భాగాలు ఏ దుకాణంలో, ఏ నంబరుతో దొరుకుతాయి? ఏ కారులో ఏవి మార్చాలో జాబితా ఎక్కడుంది? పెట్రోలులో ఏముండాలో మీరు నిర్ణయించారు. దాన్ని మోసే పంపును విప్పి చూసుకునే వీలు మాకెందుకు ఉండకూడదు?

ఇక్కడ ప్రతివాదిని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ పని నిజంగా ప్రమాదకరమైనది. పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల చలిలోనూ అంటుకోగలదు. గాలిలో ఒకటిన్నర శాతం మేర చేరితే చాలు, నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. గాలి కన్నా బరువు గనుక నేలను పట్టుకుని పాకుతుంది. దూరంగా ఉన్న దీపం దాకా వెళ్లి మంటను వెంటబెట్టుకుని వెనక్కి వస్తుంది. 'పది నిమిషాల్లో పంపు మార్చుకోండి' అంటూ వీడియోలు పెట్టే శూరుల మీద కూడా నాకు సర్వీసు సెంటరు మీద ఉన్నంత కోపం ఉంది. అక్కడ దాచిపెడుతున్నారు, ఇక్కడ సగమే చెబుతున్నారు. కాలిపోయేవాడికి రెండింటికీ తేడా లేదు. భద్రతకు కావలసింది ఒక క్రమం. ఆ క్రమాన్ని రాయవచ్చు, నేర్పవచ్చు, ఎవరైనా చదవవచ్చు. దాచినవారు రాయరు గనుక, నేను నేర్చుకున్నంత ఇక్కడ రాస్తున్నాను.

మొదట, పంపే దోషి అని నిర్ధారించుకోవాలి. తాళం తిప్పగానే వెనుక సీటు కింది నుంచి రెండు క్షణాల పాటు సన్నని రొద వినిపించాలి. లేకపోతే ముందు ఫ్యూజు, తరువాత రిలే, ఆ పైన కనెక్టరు దాకా కరెంటు వస్తున్నదా అన్నది చూడాలి. చిన్న రిలే చేసిన నేరానికి పంపును ఉరితీయడం మన వర్క్‌షాపుల్లో అరుదేమీ కాదు. బండి మీద రీకాల్ ఉందేమో కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నంబరుతో చూసుకోవాలి. ఉంటే మీరు చేయి పెట్టనక్కరలేదు. కొత్త పంపు ఉచితంగా రావాలి.

చోటు ఆరుబయట ఉండాలి. అపార్టుమెంటు సెల్లారు, మూసిన గ్యారేజీ పనికిరావు. అక్కడ ఆవిరి గుంటలో నీళ్లలా నిలుస్తుంది. దగ్గరలో పొయ్యి, బీడీ, అగరువత్తి, ఇస్త్రీ బండి, నడుస్తున్న జనరేటరు ఉండరాదు. ఫోను జేబులో కాదు, ఇంట్లో ఉండాలి. నూలు బట్టలు, కళ్లద్దాలు, పెట్రోలుకు తట్టుకునే నైట్రైల్ తొడుగులు కావాలి. చేతికందే దూరంలో పొడితో పనిచేసే ఏబీసీ రకం అగ్నిమాపక సిలిండరు, పక్కన దాన్ని వాడటం తెలిసిన మరో మనిషి ఉండాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట తేలుతూ వ్యాపిస్తుంది. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

ట్యాంకులో పావు వంతుకు మించి పెట్రోలు లేకుండా చూసుకోవాలి. తోడవలసి వస్తే చేతిపంపుతో, నేల మీద ఉంచిన తగిన డబ్బాలోకి తోడాలి. నోటితో పీల్చకూడదు. ఊపిరితిత్తుల్లోకి కొద్దిగా పోయినా ప్రాణం మీదికి వస్తుంది. మంచినీళ్ల సీసాల్లో పోసి ఉంచకూడదు. ఇంజను చల్లారి ఉన్నప్పుడు పంపు ఫ్యూజు తీసి, స్టార్టు చేసి దానంతట అది ఆగిపోనివ్వాలి. స్టార్టు కాకపోతే రెండు మూడుసార్లు కొద్ది క్షణాలు తిప్పాలి. అప్పుడు పైపుల్లోని ఒత్తిడి దిగుతుంది. ఆ తరువాతే, ట్యాంకు తెరవకముందే, బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయాలి. తీగ ఊడదీసేటప్పుడూ తిరిగి తగిలించేటప్పుడూ రవ్వ రావచ్చు. గాలిలో ఆవిరి ఉన్నప్పుడు ఈ రెండూ చేయకూడదు.

సీటు ఎత్తి, మూత చుట్టూ ఉన్న దుమ్మును కుంచెతో, తడిగుడ్డతో తుడవాలి. విద్యుత్ వాక్యూం క్లీనరు వాడరాదు. కారు శరీరంలో రంగులేని లోహాన్ని ఒకసారి తాకి ఒంటి మీది స్థిరవిద్యుత్తును వదిలించుకోవాలి. పైపు కొస మీద గుడ్డ చుట్టి నెమ్మదిగా విప్పాలి, ఒత్తిడి మిగిలి ఉంటే చిమ్ముతుంది. లాక్ రింగును కదిలించడానికి చెక్కముక్క, రబ్బరు సుత్తి వాడాలి. ఇనుము మీద ఇనుము కొట్టకూడదు. పంపు ఏ దిక్కుకు తిరిగి ఉందో గుర్తు పెట్టుకుని, బోయా చేయి వంగకుండా పక్కకు వంచి పైకి తీయాలి. తెరిచిన ట్యాంకును గుడ్డతో కప్పాలి. అడుగున మడ్డి ఉంటే అది పోకుండా కొత్త పంపు దించడం డబ్బు తగలేయడమే.

కొత్త పంపుతో పాటు కొత్త ఓ-రింగు తప్పనిసరి. పాత రింగుకు బంక పూసి సరిపెట్టడం రేపటి మంటకు ఇవాళ్టి పొదుపు. పెట్టెలో ఉన్నది నకిలీ కాదని విడిభాగం నంబరు సరిచూసుకోవాలి. అన్నీ బిగించి, ఒలికిన పెట్రోలు తుడిచి, ఆ గుడ్డలను మూత ఉన్న లోహపు డబ్బాలో వేసి దూరం పెట్టి, వాసన పూర్తిగా పోయాక ఫ్యూజు పెట్టి బ్యాటరీ తగిలించాలి. వెంటనే స్టార్టు చేయవద్దు. తాళాన్ని మూడు నాలుగుసార్లు ఆన్ చేసి, రెండు క్షణాలు ఆగి, ఆఫ్ చేస్తే పైపులు నిండుతాయి. కీలుళ్ల దగ్గర ఒక్క చుక్క తడి కనిపించినా ఆపి మళ్లీ బిగించాలి. ఇంజను నడిచాక ఒకసారి, మర్నాడు ఉదయం మరోసారి చూసి, అప్పుడే సీటు బిగించాలి.

ఇందులో ఏ ఒక్క మెట్టు దగ్గర మీకు సందేహం కలిగినా ఆగిపోండి. అందులో అవమానమేమీ లేదు. ఇంటి దగ్గర అసలు ముట్టుకోకూడనివీ ఉన్నాయి. డీజిల్ కామన్ రైల్ ఇంజన్ల అధిక పీడన పంపులో వెయ్యి బార్లకు మించిన ఒత్తిడి ఉంటుంది. సన్నని ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతే, పైకి చీమ కుట్టినట్టున్నా చేయి తీసేయవలసి రావచ్చు. డైరెక్ట్ ఇంజెక్షను పెట్రోలు ఇంజన్ల అధిక పీడన పంపు, సీఎన్‌జీ బండ్ల గ్యాసు వ్యవస్థ కూడా అంతే. పంపు కోసం ట్యాంకునే కిందికి దించవలసిన కార్లను లిఫ్టు లేని చోట, జాకీ మీద నిలబెట్టి విప్పకూడదు. హక్కు ఉన్నంత మాత్రాన ప్రతి పనీ మన చేత్తోనే చేయాలని లేదు. ఎవరి చేత చేయించుకోవాలో మనం నిర్ణయించుకోగలగాలి.

కాబట్టి నా డిమాండ్లు నాలుగే. అమ్మిన ప్రతి కారు మరమ్మతు పుస్తకాన్ని, భద్రతా క్రమంతో సహా, భారతీయ భాషల్లో అందరికీ అందుబాటులో పెట్టాలి. మోటారు, జల్లెడ, ఓ-రింగు విడివిడిగా, అచ్చువేసిన ధరకు దొరకాలి. ఇ20 వల్ల ఏ మోడలులో ఏ భాగం మార్చాలో కంపెనీలు ప్రకటించేలా పెట్రోలియం శాఖ ఆదేశించాలి. ఢిల్లీ మాయాపురి నుంచి చెన్నై పుదుపేట దాకా, మన విజయవాడ ఆటోనగర్ దాకా, ఈ దేశపు పాత బండ్లను నడిపిస్తున్న లక్షలాది మెకానిక్కులకు ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ, చేతిపంపు, తొడుగులు, అగ్నిమాపక సిలిండరు ఇవ్వాలి. కమిటీల ఖర్చుతో పోలిస్తే ఇది పెద్ద భారం కాదు.

భద్రత పేరు చెప్పి పుస్తకం దాచినవారు, ఆ పుస్తకం అందక కాలిన చేతుల లెక్క ఎన్నడైనా అడిగారా? ధనవంతుడు పంపు మార్చమని చెప్పి కాఫీ తాగుతూ కూర్చుంటాడు. మధ్యతరగతివాడు బేరమాడి వీధి షెడ్డుకు పోతాడు. ఆ షెడ్డులో కుర్రవాడు పెట్రోలు నోట్లోకి తీసుకుంటాడు. తాళం వేసిన జ్ఞానం ప్రమాదాన్ని ఆపలేదు. దాన్ని మెట్టు మెట్టుగా కిందికి దించి, అందరికన్నా కింద నిలబడ్డవాడి మీద పెట్టింది.

మేము పని ముగించిన రోజున ఆ కుర్రవాడు నన్నొక మాట అడిగాడు: బ్యాటరీ తీగ ముందు తీయాలని తనకు నాలుగేళ్లుగా ఎవరూ ఎందుకు చెప్పలేదని. ఆ ప్రశ్నకు జవాబివ్వవలసినవాడు అతని మేస్త్రీ కాదు. ఢిల్లీలోనే, మా కాలనీకి కొద్ది దూరంలో, ఆ శాఖల కార్యాలయాల్లో కూర్చున్నవారు ఇవ్వాలి.